సిపాయి కాదు, సాపర్: పెద్దాయన సమాధికి లేజర్ రాయి ఎంతవరకు పనికొస్తుంది

ఏ ఊరి బైపాస్ పక్కన ఆగినా గ్రానైట్ షాపు ముందు నిలబెట్టిన నమూనా ఒకటే. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, అద్దంలా మెరిసే నలుపు. సగం రాయి నిండా లేజర్ ఫొటో, కింద బంగారు రంగులో పేరు, జననం, మరణం. పెద్దకర్మ హడావుడిలో ఎక్కువమంది ఆర్డరిచ్చేది కూడా అదే. పోయినాయన పదిహేనేళ్లు సైన్యంలో ఉండి, తిరిగొచ్చి వడ్రంగమో తాపీపనో చేసి, మునిమనవల దాకా అందరికీ పెద్దదిక్కుగా బతికిన మనిషైతే ఆ రాయి ఎంతవరకు సరిపోతుందో చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తే మిగతాది చదవడం తేలిక: ఫొటోకి మంచి మార్కులే, కానీ కొత్తలో. అక్షరాలకి పాస్ మార్కులు కూడా కష్టం. ఖర్చు పెట్టాల్సింది మొహం సైజు మీద కాదు, అక్షరం లోతు మీద.

ముందు రాయి సంగతి. షాపులో నల్లగా కనిపించేదంతా ఒక రాయి కాదు. చీమకుర్తి గెలాక్సీలో బంగారు రంగు చుక్కలుంటాయి, అవి బ్రాంజైట్ అనే ఖనిజం. వంటింటి గట్టుకి, హోటల్ కౌంటర్‌కి దాన్ని మించింది లేదు. కానీ దాని మీద మొహం లేజర్ చేయిస్తే బుగ్గ మీద, కనుబొమ్మ మీద ఆ చుక్కలే ముందు కనిపిస్తాయి, చికెన్‌పాక్స్ మచ్చల్లా. ఫొటో కావాలనుకుంటే చుక్కల్లేని సన్నరేణువు రాయే తీసుకోవాలి. వరంగల్, ఖమ్మం నలుపు అని అమ్మేవి ఈ పనికి సరిపోతాయి. భూగర్భశాస్త్రం లెక్కన అవి గ్రానైట్ కాదు, డోలరైట్. రేణువు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్షరం అంచు చిట్లకుండా వస్తుంది.

కడప బండ, తాండూరు బండ, బేతంచర్ల బండ సున్నపురాళ్లు. పల్లెల్లో చవకగా దొరుకుతాయి, ఉలికి తేలిగ్గా లొంగుతాయి. ఎండావానల్లో కడప బండ నలుపు నాలుగైదు ఏళ్లలో బూడిదరంగులోకి దిగుతుంది. నిమ్మరసం చుక్క పడితే చాలు, ఆ చోట మెరుపు పోతుంది. గుడి మెట్టుకో, సమాధి చుట్టూ అరుగుకో వాడండి. పేరు రాసే రాయిగా వద్దు.

ఇంకో మోసం ఉంది. బూడిదరంగు రాయికి నల్లరంగు పట్టించి, నూనె రుద్ది, నికార్సైన నలుపని అమ్ముతారు. కనుక్కోవడం పెద్ద పనేం కాదు. తెల్లటి దూదికి అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం పనికొస్తుంది) అద్ది రాయి వెనకవైపు మూలన గట్టిగా రుద్దండి. దూదికి నలుపంటితే అది పూసిన రంగే. అలాంటి రాయి ఎండలో మచ్చలు మచ్చలుగా వెలుస్తుంది. ఆర్డరిచ్చేముందు, డబ్బు కట్టకముందే ఈ పరీక్ష చేయాలి. షాపువాళ్లు మొహం మాడ్చుకున్నా సరే.

మందం 20 మిల్లీమీటర్లదే నమూనా రాయిగా పెడతారు. గోడకో అరుగుకో అతికించే ఫలకానికి అది చాలు. దేనికీ ఆనకుండా నిలబెట్టే రాయైతే 50కి తగ్గకూడదు. రెండు బై మూడు అడుగుల రాయి 20 మి.మీ. మందంలో 33 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు మోసేస్తారు. అదే 50లో 80 కిలోలు దాటుతుంది కాబట్టి శ్మశానం లోపలికి బండి వెళ్లే దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి. షాపులో చెప్పే ధర షాపు దగ్గరికే. మోత, బిగింపు వేరే లెక్క అని రాయి తయారయ్యాక చెబుతారు.

ఇక లేజర్. లేజర్ ఈ రాయిని కోయదు. పాలిష్ చేసిన పైపొరలో రేణువుల్ని వేడితో చిట్లగొడుతుంది. చిట్లిన చోట వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది, మిగిలినచోట పాలిష్ నలుపు అలాగే ఉంటుంది. లోతు అనేది దాదాపు లేదు, గోరుతో తడిమితే గరుకు తెలుస్తుంది అంతే. వాన పడగానే ఆ గరుకులో నీళ్లు నిండి బొమ్మ మాయమవుతుంది, ఆరాక తిరిగొస్తుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి కంగారుపడతారు, అది లోపం కాదు. అసలు లోపం వేరే. తెలుపు బాగా కనిపించాలని కొన్ని షాపులు లేజర్ మీద తెల్ల ఇంకు పూసి తుడుస్తాయి. ఆ మెరుపు చూసే మనం మురిసిపోతాం. ఎండకి ఇంకు పసుపెక్కి, చోటుచోటున రాలి, మొహం పొలుసులు కట్టినట్టవుతుంది. ఇంకు వేయకుండా ఇమ్మని ఆర్డరు కాగితం మీదే రాయించుకోండి. కాస్త మసగ్గా ఉన్నా అదే నిలుస్తుంది.

సైనికుల ఫొటోలతో ప్రత్యేకంగా వచ్చే తంటాలు మూడు. ఒకటి, టోపీ. నల్లరాయి మీద తెలుపు మాత్రమే చెక్కుతారు, నలుపు రాయిదే. ముదురు రంగు బెరెట్ టోపీ, నల్లజుట్టు, మీసం అన్నీ రాయిలో కలిసిపోయి కనుబొమ్మల పైన తల లేనట్టే ఉంటుంది. ఫొటో సరిచేసేవాళ్లతో టోపీ అంచు వెంట సన్నటి వెలుగు గీత పెట్టించాలి, లేదా వెనక నేపథ్యం బూడిదరంగుకి తేవాలి. రెండు, స్కానింగ్. పాస్‌పోర్టు సైజు పాత ఫొటోని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే అది కుదించుకుపోతుంది. మొహం అడుగు ఎత్తుకి పెంచేసరికి అన్నీ చుక్కలే. స్టూడియోలో కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), ఇంకా చిన్న ఫొటో అయితే 1200లో స్కాన్ చేయించి, ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. మూడోది చాలామంది కంట పడదు. పేరు ఎడమకో కుడికో పట్టాలని షాపులో ఫొటోని అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. మామూలు మనిషికి తేడా తెలియదు. కానీ సైనికుడు తన పతకాలు ఎడమ ఛాతీ మీద పెట్టుకుంటాడు. చనిపోయినవారి పతకాలు వారసులు పెట్టుకున్నప్పుడే కుడివైపుకి వస్తాయి. తిప్పిన ఫొటోలో ఆయన పతకాలు ఇంకెవరివో అయిపోతాయి. నమూనా రాగానే ముందు చూడాల్సింది జేబు మీద రిబ్బన్లు ఏ పక్కనున్నాయో.

ఫొటో తప్పనిసరి అనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి దారి పింగాణీ ఫొటో. కోస్తా క్రైస్తవ సమాధుల మీద కోడిగుడ్డు ఆకారంలో కనిపించేవే. కొలిమిలో కాల్చి రంగుని గాజుపూతతో కలిపేసిన అసలు పింగాణీ ఎండకి వెలవదు. అయితే ఆ పేరుతోనే సబ్లిమేషన్ టైల్ అమ్ముతున్నారు. కప్పు మీద ఫొటో వేసే పద్ధతే అది, ప్లాస్టిక్ పూతలోకి ఇంకిన రంగు. రెండు మూడు వేసవులకి ఎరుపు పోయి మొహం నీలంగా మిగులుతుంది. అంచు దగ్గర తాళంచెవితో గీసి చూడండి. గీత పడితే సబ్లిమేషన్. ఆయన మొహం నాలుగంగుళాల పింగాణీలో పెట్టి, రాయంతా అక్షరాలకి వదిలేస్తే రాయి హుందాగా ఉంటుంది.

అక్షరాల్లో మూడు పనితనాలు. లేజర్ అక్షరం మీద రంగు నిలవడానికి గుంట ఉండదు, అది పోతే పేరు చదవాలంటే పక్కనుంచి వంగి చూడాలి. శాండ్‌బ్లాస్ట్ అంటే, రబ్బరు స్టెన్సిల్ అతికించి, అక్షరం మేరకి కోసి తీసేసి, గాలి వత్తిడితో గార్నెట్ లాంటి గట్టి రేణువులు కొట్టడం. 2 నుంచి 3 మి.మీ. లోతు తేలిగ్గా వస్తుంది, అడుగు చదునుగా ఉంటుంది, రంగు కూర్చుంటుంది. మూడోది ఉలి పని, అక్షరం అడుగు వి ఆకారంలో. ఆళ్లగడ్డ శిల్పులకి ఇది చేతి వాటం. ఉలి అక్షరానికి రంగే అక్కర్లేదు, పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండలో నీడే అక్షరమవుతుంది. కాకపోతే గట్టి నల్లరాయి మీద తెలుగు గుండ్రాలు తిప్పడం నెమ్మది పని, ఖరీదూ ఎక్కువే. మా ఓటు పేరు వరకు ఉలికి, మిగతాది శాండ్‌బ్లాస్ట్‌కి.

లోతు ఎంత అడగాలో లెక్క ఉంది. 90 డిగ్రీల వి కోతలో గీత 6 మి.మీ. వెడల్పుంటే లోతు 3 మి.మీ. వస్తుంది. గీత 2 మి.మీ. అయితే లోతు ఒకటే. అంటే సన్నగీతల ఫాంటు ఎంచుకుని లోతు కావాలనడం కుదరదు. పెళ్లి శుభలేఖల మీద అందంగా కనిపించే, ఒకచోట లావు ఒకచోట వెంట్రుకలాంటి ఫాంట్లు రాయి మీద దెబ్బతింటాయి. తలకట్టు దగ్గరి సన్నగీత ముందు చెరిగి, కొన్నాళ్లకి ‘ప’కీ ‘వ’కీ తేడా వెతుక్కోవాల్సి వస్తుంది. రామభద్ర లాంటి మందపు ఫాంటు తీసుకోండి. పేరు అక్షరం రెండంగుళాలకి, మిగతా వరుసలు అంగుళానికి తగ్గకూడదు. వరుసకీ వరుసకీ మధ్య ఇంచుమించు అక్షరమంత ఖాళీ వదలాలి. ఇంగ్లిష్ అలవాటున దగ్గర దగ్గరగా పేర్చితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో చిక్కుకుంటుంది. చిన్న సైజులో శాండ్‌బ్లాస్ట్ చేస్తే ఇంకో చిక్కు: ‘ఠ’ నడిమి చుక్క, సున్నా లోపలి గుండ్రం స్టెన్సిల్లోంచి ఊడి లేచిపోతాయి. సున్నా కాస్తా గుంట అవుతుంది.

అక్షరాల లెక్క దగ్గర పేచీ రాని షాపు లేదు. ధర అక్షరానికి ఇంత అంటారు. ‘లక్ష్మి’ రెండక్షరాలా, నాలుగా? ఒత్తుని విడిగా లెక్కగడతారా, పొల్లు సంగతేంటి, అంకెలకి ఎంత? రాతంతా రాసిచ్చి మొత్తం మీద ఒక ధర మాట్లాడుకుంటే ఈ గొడవ ఉండదు.

తప్పులు ఎక్కడ పుడతాయో తెలిస్తే సగం పట్టేయొచ్చు. వాట్సాప్‌లో మనం పంపేది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే అక్షర సంకేతం. చాలా షాపుల్లో డిజైన్లు గీసే పాత కోరల్‌డ్రా, యూనికోడ్ కాని అను ఫాంట్లు. యూనికోడ్ అందులో అతికించగానే ఒత్తులు విరిగి ‘సుబ్రహ్మణ్యం’ కాస్తా ‘సుబ్‌రహ్‌మణ్‌యం’ అవుతుంది. అప్పుడు ఆపరేటర్ అంతా మళ్లీ టైపు చేస్తాడు. శ, ష తారుమారవడం, ధ కింది గీత ఎగిరిపోవడం, ఇంటిపేరులో దీర్ఘం పోవడం అన్నీ అక్కడే. మనమే సరైన ఫాంటులో పేజీ పెట్టుకుని, ఫాంటు పొదిగిన పీడీఎఫ్‌గా ఇస్తే మళ్లీ టైపు చేసే అవసరం రాదు. ఆ తర్వాత అసలు సైజులో కాగితం మీద నమూనా తీయించి, రాయి ఉండబోయే ఎత్తులో గోడకి అంటించి, ఆరడుగుల దూరం నుంచి ఇద్దరు చదవాలి. ఒకరు పైకి చదవాలి, రెండోవారు కాగితాలతో సరిచూడాలి. ఇంట్లోవాళ్లు మాత్రమే చదివితే లాభం లేదు, తెలిసిన పేరుని కళ్లు వాటంతటవే సరిచేసుకుని చదువుతాయి. ఊరు తెలియనివాళ్ల చేత ఒకసారి చదివించండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే రాయి మీద తప్పుకి మందు లేదు. లేజర్ గీతైతే పైపొర అరగదీసి మళ్లీ పాలిష్ పట్టొచ్చు, మెరుపులో తేడా మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. 3 మి.మీ. లోతు అక్షరాన్ని 20 మి.మీ. రాయి మీద అరగదీయడం రాయిని చంపడమే. నల్ల ఎపాక్సీ జిగురు నింపి దాని మీద మళ్లీ చెక్కితే ఎండ పడగానే అతుకు బయటపడుతుంది. షాపు తప్పయితే కొత్త రాయి ఇవ్వాలని, మన కాగితంలో తప్పయితే మనదేనని సంతకంతో పాటు రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

ఇప్పుడు అసలు విషయం, ఏం రాయాలి. షాపు నమూనాలో మాజీ సైనికుడు అంటే ఒక జెండా, రెండు అడ్డదిడ్డం తుపాకులు, ‘దేశభక్తుడు’. ఆయన ఎవరో చెప్పేవి ఇవి కాదు. సరైన పద్ధతికి నమూనా కామన్వెల్త్ యుద్ధ సమాధుల రాళ్లలో, అంటే రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్, భారత, ఇతర కామన్వెల్త్ సైనికుల సమాధుల మీద ఉంది. 2 అడుగుల 8 అంగుళాల ఎత్తు, 1 అడుగు 3 అంగుళాల వెడల్పు, జనరల్ అయినా సిపాయి అయినా అదే కొలత. రెజిమెంటు గుర్తు, నంబరు, హోదా, పేరు, దళం, చనిపోయిన తేదీ, వయసు. కుటుంబం తరఫున ఒక వాక్యానికి చోటు, అదీ 66 అక్షరాల లోపు. ఆ పొదుపు వల్లే చదివినవాళ్లకి మనిషి కనిపిస్తాడు.

హోదా దగ్గరే ఎక్కువ పొరపాట్లు. సైన్యంలో ఉన్న ప్రతి ఒక్కరూ సిపాయి కాదు. ఇంజనీర్ దళంలో, అంటే మన తెలుగువాళ్లు చాలామంది చేరిన బెంగళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో, మొదటి మెట్టు సాపర్. శతఘ్ని దళంలో (ఆర్టిలరీ) గన్నర్. సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్. సైన్యం వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్. ఈ చివరిదాన్ని షాపువాళ్లు ‘చేతివృత్తి కళాకారుడు’ అని అనువదించిన సందర్భాలుంటాయి. పోయినాయన నిజంగానే వడ్రంగి అయితే అనుమానం కూడా రాదు. అది హోదా పేరు, అలాగే ఉంచాలి. ఇప్పటి నాయబ్ సుబేదార్ హోదాని 1965కి ముందు జమేదార్ అనేవారు, కాబట్టి పాత కాగితంలో జమేదార్ అని ఉంటే అది తక్కువ హోదా కాదు. హవల్దార్‌గా పదవీ విరమణ చేసి గౌరవ నాయబ్ సుబేదార్ హోదా పొందినవారికి ‘గౌరవ’ అనే మాట వదిలేయకూడదు. నంబరు విషయం కూడా చూసుకోవాలి: జేసీఓ (నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా ఉండే హోదాలు) అయినప్పుడు జేసీ అని మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. రాయి మీద చివరి నంబరే వేయాలి, చివర ఉండే ఇంగ్లిష్ అక్షరంతో సహా.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, డిశ్చార్జ్ బుక్కులో, పింఛను ఉత్తర్వు పీపీఓలో. రెండూ చెదలు తినేసి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మొదలుపెట్టాలి. అక్కడినుంచి సంబంధిత రికార్డ్స్ ఆఫీసుకి: మద్రాస్ రెజిమెంటుకి నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్లకి బెంగళూరు, ఈఎంఈకి సికింద్రాబాద్, శతఘ్ని దళానికి నాసిక్ రోడ్. జవాబు వచ్చేదాకా రాయి ఆర్డరివ్వకండి. ఎలాగూ గుంట మట్టి దిగడానికి ఒక వానాకాలం ఆగాల్సిందే.

పతకాలని కలిపేసి ‘వీర పతక గ్రహీత’ అని రాస్తే గొప్పగానే ఉంటుంది గానీ తప్పు. 1971 యుద్ధంలో పాల్గొన్నవారికి తూర్పు వైపు పూర్వీ స్టార్, పడమటి వైపు పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ ఆ యుద్ధకాలపు సేవకి ఇచ్చింది. 1965కి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1972 ఆగస్టు 15న సేవలో ఉన్నవారికి స్వాతంత్ర్య పాతికేళ్ల పతకం. ఇవి సేవకి గుర్తులు. శౌర్యానికి ఇచ్చేవి వీర్ చక్ర, సేనా మెడల్ వంటివి వేరు. పక్క ఊరి మాజీ సైనికుడు వచ్చి చదివితే మొదట పట్టేది ఈ తప్పునే. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలోనైతే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

పైన మూడు సింహాలు పెట్టించొద్దు. జాతీయ చిహ్నాన్ని ప్రైవేటుగా వాడటాన్ని 2005 నాటి చట్టం నిషేధించింది, సమాధి రాయికి మినహాయింపు లేదు. జెండా బొమ్మ మీద పేరు రాయించడమూ తప్పే, జెండా మీద ఏ అక్షరమూ ఉండకూడదని నియమం. రెజిమెంటు పేరు అక్షరాల్లో ఉంటే చాలు. మద్రాస్ రెజిమెంటు ఆయనైతే వాళ్ల నినాదం ‘స్వధర్మే నిధనం శ్రేయః’ ఒక వరుసలో ఇమిడిపోతుంది. గీతావాక్యం వేరే వెతకక్కర్లేదు.

వృత్తిని మాత్రం షాపు నమూనా పూర్తిగా మర్చిపోతుంది. సైన్యంలో పదిహేనేళ్లయితే వృత్తిలో నలభై ఏళ్లు. ‘వడ్రంగి’ అన్న మాట రాయించడానికి మొహమాటపడి ‘కాంట్రాక్టర్’ అని మార్చే కుటుంబాలున్నాయి, అది ఆయనకి అవమానం. బాడిశ, ఉలి, మూలమట్టం, వీటిలో ఏదో ఒకటి గీతల బొమ్మగా కింద మూలన చెక్కిస్తే బాగుంటుంది. దీనికి లేజర్ వద్దు, ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ సుత్తి బొమ్మ అసలే వద్దు. ఆయన వాడిన బాడిశనే కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ గీసి, ఆ కొలతతోనే స్టెన్సిల్ కోయించాలి. పిడి వంపు, అరిగిన అంచు అన్నీ వస్తాయి. గీత 4 మి.మీ. వెడల్పు ఉంచండి.

తేదీల్లో రెండు ఉచ్చులున్నాయి. సర్వీసు కాగితాల్లో పుట్టిన తేదీ, ఇంట్లో చెప్పుకునే తేదీ ఒకటి కాకపోవడం ఆ తరానికి మామూలే. కలవకపోతే సంవత్సరం మాత్రమే వేయండి, ఎవరూ తప్పుపట్టరు. రెండోది తిథి. ఆబ్దికం తిథి ప్రకారమే కాబట్టి రాయి మీద ఉండటం మంచిది. కానీ తెలుగు సంవత్సరం జనవరిలో మారదు, ఉగాదికి మారుతుంది. 2024 ఫిబ్రవరిలో పోయినాయనకి శోభకృత్ అని రాయాలి, క్రోధి కాదు. తెల్లవారుజామున పోయినవారికి ఇంగ్లిష్ తేదీ అర్ధరాత్రికే మారిపోయి ఉంటుంది, పంచాంగంలో వారం మాత్రం సూర్యోదయం దాకా పాతదే. తిథిని కర్మ చేయించిన పురోహితుడి దగ్గరే రాయించుకోండి, ఫోన్ యాప్ చూసి వేయొద్దు.

వంశవృక్షం రాయి మీదకి ఎక్కించడం గురించి మా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. కొడుకుల పేర్లు పెద్దవిగా, కూతుళ్ల పేర్లు చిన్నవిగా, అల్లుళ్లవి లేకుండా చెక్కించిన రాళ్లు కోకొల్లలు. రాయి పెట్టాక పుట్టిన మునిమనవడికి చోటుండదు. ‘ప్రతిష్ఠించినవారు’ అని కింద వరుస వేస్తే సమాధి ఎవరిదో అనుమానం వస్తుంది. ‘భార్య, పిల్లలు, మనుమలు, మునిమనుమలు’ అన్న నాలుగు మాటలు చాలు. పేర్లు కావాల్సిందేనంటే అరుగు పక్కన అడుగు చదరపు విడి పలక పెట్టించండి, నాలుగు స్టీలు మరలతో. తర్వాత మార్చుకోవచ్చు.

క్యూఆర్ కోడ్ పలక ఇప్పుడు కొత్త ఫ్యాషన్. నల్లరాయి మీద తెల్లగా చెక్కితే అది తలకిందుల రంగు కోడ్ అవుతుంది, కొన్ని ఫోన్లు చదవవు. చదివినా ఆ లింకుకి ఏటా డబ్బు కట్టే మనిషి ఉండాలి. వద్దు.

బిగింపు సంగతి. నల్లరేగడి నేల వానకి ఉబ్బి ఎండకి పగులుతుంది, దాని మీద పైపైన కట్టిన అరుగు రెండేళ్లలో ఒరిగిపోతుంది. మూడడుగుల లోతు తవ్వి, మొరం వేసి నీళ్లు పోసి దిమ్మిస కొట్టి, ఆపైన 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు నాలుగంగుళాలు వేయాలి. రాయి వెనకవైపు నున్నగా ఉంటే సిమెంటు పట్టదు, గ్రైండర్‌తో గీతలు పెట్టించాలి. అతికించడానికి ఉత్త సిమెంటు కన్నా పాలిమర్ కలిసిన రాళ్ల అడ్‌హెసివ్ మేలు. మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి అంటించే అలవాటు మేస్త్రీలకి ఉంది. వెనక ఖాళీలు మిగిలి, మే నెల ఎండకి కాగిన రాయి మీద ఒక్క దెబ్బ తగిలితే పగులు అక్కడే మొదలవుతుంది. వెనకంతా పరవాలి. దాంతోపాటు పైన కింద 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులు ఉండాలి. ఇనుపవి పెడితే తుప్పు ఉబ్బి రాయి అంచుని పగలగొడుతుంది, ఎర్రటి చారలు అక్షరాల మీదకి కారతాయి. అంచుల చుట్టూ 3 మి.మీ. సందు వదిలి సిలికాన్ నింపించాలి. పడుకోబెట్టే రాయైతే అడుగుకి అరంగుళం వాలు ఇవ్వాలి, లేకపోతే నీళ్లు అక్షరాల్లో నిలిచి దుమ్ముతో గడ్డకడతాయి. మొదటి ఏడాది అంచుల్లో తెల్లగా ఉప్పు తేలితే అది సిమెంటుది. పొడిబ్రష్‌తో దులిపితే పోతుంది. యాసిడ్ పోయొద్దు, రాయికి ఏమీ కాకపోయినా కింద సిమెంటుని, పక్క కడప బండని తినేస్తుంది.

రంగు విషయంలో బంగారు స్ప్రే కన్నా తెల్ల ఎనామెల్ ఎక్కువకాలం ఉంటుంది. ఏది వేసినా మూడు నాలుగేళ్లకి మళ్లీ వేయాల్సిందే. లోతు అక్షరమైతే ఇంట్లో వాళ్లే చేసుకోవచ్చు: పాతది గీకి, రంగు నింపి, పది నిమిషాలాగి, పైన అంటినది బ్లేడు పడుకోబెట్టి గీకేయడమే. లేజర్ అక్షరానికి ఈ అవకాశం లేదు. మళ్లీ షాపుకి తీసుకెళ్లాలి, అంటే రాయి ఊడదీయాలి.

ఏడాదికోసారి మామూలు నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, నైలాన్ బ్రష్ చాలు. సమాధుల పండుగ నాడు కొవ్వొత్తుల మైనం కారితే వేడినీళ్లు పోసి ప్లాస్టిక్ రేకుతో తీయాలి, కత్తితో కాదు. దీపం నూనె రాయిలోకి ఇంకితే మచ్చ పోదు కాబట్టి ప్రమిదకి గూడు వేరే కట్టించండి. ఇంకొకటి కూడా ఆర్డరులోనే రాయించండి, షాపు వెనక పడి ఉండే తునకల్లోంచి ఊరికే ఇస్తారు: అడుగు చదరం, రెండంగుళాల మందం ఉన్న ముడి రాయి. దాన్ని పాదాల వైపు పాతితే కొబ్బరికాయ అక్కడ కొడతారు. అది లేని చోట అందరూ కొట్టేది పేరున్న రాయి అంచుకే.